రెండో దెబ్బ

"మొదటి దెబ్బని దేవుడు కూడా ఆపలేడు మిస్టర్ జ్ఞానానందం! మేము ఆపేది రెండో దెబ్బని," అన్నాడు డాక్టర్ జగన్నాథరావు.

తెనాలిలో ఆయన నర్సింగ్ హోమ్ మేడ మీద గది అది. బల్లకి ఇవతల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ప్రైవేట్ డిటెక్టివ్ జ్ఞానానందం. పక్కన ఉన్నది సారా. బాపట్లలో మిషన్ స్కూల్ టీచరు. మొన్న బుధవారం ఈ భవనంలోనే, కింద మూడో గదిలో, ఆమె తండ్రి ఆశీర్వాదం చనిపోయాడు. సమాధి మట్టి ఇంకా ఆరలేదు. ఆ అమ్మాయి ఏడవడం మానేసి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నల్ని తీసుకుని జ్ఞానానందం దగ్గరికి వచ్చింది.

"రెండో దెబ్బ అంటే?" అడిగాడు డిటెక్టివ్.

డాక్టరు ముఖం వెలిగింది. ఇష్టమైన పాఠం చెప్పమన్నప్పుడు మాస్టరు ముఖం వెలిగినట్టు.

"తలకి దెబ్బ తగిలిందనుకోండి. అక్కడి కణాలు కొన్ని వెంటనే చచ్చిపోతాయి. అంతటితో అయిపోతే బాగుండేది. చచ్చే కణం ఒక రసాయనాన్ని కక్కుతుంది. అది పక్క కణాన్ని చంపుతుంది. అది దాని పక్కదాన్ని. దొడ్లో ఒక గడ్డివాము అంటుకుంటే మిగతా వాములన్నీ తగలబడ్డట్టు, కొన్ని గంటల్లో మెదడు సగం పోతుంది. పక్షవాతంలోనూ ఇదే వరస. ఆ మంట పాకకుండా మధ్యలో గోడ కట్టే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. అది మా చేతికొచ్చింది. ఎలకల్లో అద్భుతంగా పనిచేసింది."

"మా నాన్న ఎలకా డాక్టరు గారూ?" అంది సారా.

డాక్టరు ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మా అమ్మ తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. ఒక పక్కంతా పడిపోయి, మాట పోయి, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం తప్ప ఏమీ చేయలేక పోయింది. ఆ రోజున ఈ మందు ఉంటే ఆవిడ నడిచేది. నేను ఎవరికోసం చేస్తున్నాననుకున్నారు ఇదంతా?"

ఆ మాటలో అబద్ధం లేదని జ్ఞానానందానికి తెలిసింది. అందుకే ఆయనకి కోపం ఇంకా పెరిగింది. కళ్ళజోడు తీసి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. కోపం వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే.

"మందు పేరేంటండి?"

"పేరింకా పెట్టలేదు. నంబరు ఉంది."

"పేరైనా పెట్టని మందుని మనిషి ఒంట్లోకి ఎక్కించారు. ఈ అమ్మాయిని అడిగారా?"

"అడిగే వ్యవధి ఎక్కడిది? దెబ్బ తగిలిన మూడు గంటల్లో మందు పడాలి. ఆశీర్వాదాన్ని తెచ్చేటప్పటికే తెలివి లేదు. ట్రాక్టరు గుద్దింది నాలుగింటికి. ఇక్కడికి వచ్చింది ఆరున్నరకి. నేను ఇంజక్షన్ చెయ్యకపోతే ఆ సాయంత్రమే పోయేవాడు. రెండు రోజులు బతికించాను."

"బతికించారా?" సారా లేచి నిలబడింది. "లేని చీమల్ని చేతుల మీంచి దులుపుకుంటూ, నన్ను చూసి 'ఎవరే నువ్వు, నిప్పులు పోయకే' అని అరిచాడండి మా నాన్న. మంచానికి కట్టేశారు. నా చేతిని కొరికాడు. నన్ను పల్లెత్తు మాట అనని మనిషి. దాన్ని బతికించడం అంటారా?"

"అది మందు గుణం. తాత్కాలికం. తగ్గిపోయేది."

"మనిషే తగ్గిపోయాడు," అన్నాడు జ్ఞానానందం. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఒక్క సందేహం డాక్టరు గారూ. పక్షవాతం వచ్చినా, చెట్టు మీంచి పడ్డా మన పల్లెల వాళ్ళు ఆస్పత్రికి వచ్చేది మర్నాడే కదా. మీకు మూడు గంటల్లోపు దెబ్బలు అంత తాజాగా ఎలా దొరుకుతున్నాయి?"

"అందుకే వాన్ పెట్టాను. రేపల్లె, చెరుకుపల్లి, బాపట్ల రోడ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. జకరయ్య అని మంచి డ్రైవరున్నాడు. ప్రాణాలు కాపాడే పనండీ ఇది."

"చెరుకుపల్లి నుంచి తెనాలికి గంట ప్రయాణం. మీ జకరయ్యకి రెండున్నర గంటలు పట్టింది."

డాక్టరు కనురెప్ప వాల్చలేదు. "రైల్వే గేటు పడిందట."

"గేటు గంటన్నర పడి ఉంటే ఆ రోజు తెనాలంతా చెప్పుకునేది. నేనూ ఈ ఊళ్ళోనే ఉంటానండి," అని జ్ఞానానందం లేచాడు.

* * *

చెరుకుపల్లి దాటాక రేపల్లె రోడ్డు కాలవ కట్ట మీదుగా వెళుతుంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాంబశివరావు అక్కడ జీపు ఆపుకుని, కిందికి దిగకుండానే సిగరెట్ కాలుస్తున్నాడు. జ్ఞానానందం కట్ట మీద మోకాళ్ళ మీద వంగి వెతకడం చూస్తే ఆయనకి నవ్వొస్తోంది.

"ఏమయ్యా జ్ఞానానందం, నాలుగు రోజుల వాన పడ్డాక ఏం కనిపిస్తుందని? కేసు అయిపోయింది. యలమంద అనే ట్రాక్టరు డ్రైవర్ని లోపలేశాను. ఆ టైముకి ఈ దారిన పోయిన ట్రాక్టరు వాడిదొక్కటే. రేపు కోర్టులో పెడుతున్నా."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు."

"అంటే ఇంకా తన్నాలి. అంతేగా?"

సాంబశివరావు సిగరెట్ పారేశాడు. "నోరు జాగ్రత్త. నీ బోర్డు తెనాల్లో వేలాడుతోంది కాబట్టి నువ్వు డిటెక్టివ్‌వి. నేను ప్రభుత్వం వేసిన మనిషిని. ఈ అమ్మాయి హార్మోనియం పెట్టె ఇప్పించమంటే జాలిపడి తెచ్చాను. తీసుకుని పొండి."

ఆశీర్వాదం వృత్తి అదే. ఈ చుట్టుపక్కల చర్చిల్లో హార్మోనియం పలకకపోతే ఆయనకి కబురొచ్చేది. సైకిలు కారియర్ మీద పెట్టె కట్టుకుని తెచ్చి, బాగుచేసి మళ్ళీ ఇచ్చి వచ్చేవాడు. సోమవారం చెరుకుపల్లి నుంచి రేపల్లెలో తన ఇంటికి అలాగే ఒక పెట్టె తీసుకెళుతున్నాడు.

కానిస్టేబుల్ జీపు వెనక నుంచి పెట్టె దించాడు. పక్కనే చుట్టిపెట్టిన కొబ్బరితాడు. సారా ఆ పెట్టెను కట్ట మీద గడ్డిలో పెట్టుకుని కూర్చుంది. ఎడంచేత్తో వెనక పలక ఊపి, కుడిచేత్తో మెట్ల మీద వేళ్ళు పెట్టింది. పెట్టె పలికింది. చిన్నప్పటి నుంచీ ఆమెకి అలవాటైన పని. ఒక్కో మెట్టూ నొక్కుతూ పైదాకా వెళ్ళింది. ఒక్కటి కూడా మూగపోలేదు.

జ్ఞానానందం తల తిప్పి చూశాడు.

"ఆపకమ్మా, ఇంకొక్కసారి," అన్నాడు. తర్వాత జీపు దగ్గరికి నడిచాడు. "సాంబశివరావు గారూ, దిగండి. ఇది మీరు వినాలి."

"సంగీతమా?"

"ట్రాక్టరు వెనక నుంచి గుద్దిందన్నారు. వెనక ఉన్నది ఈ పెట్టె. సన్నటి చెక్క, స్వరం పలికే రేకు నాలికలు. కారియర్ మీంచి జారిపడితేనే పగిలిపోతుంది. ట్రాక్టరు గుద్దితే పలుకుతుందా?"

సాంబశివరావు జీపు దిగి పెట్టె దగ్గరికి వచ్చాడు.

"పెట్టె ఎక్కడ దొరికింది?" జ్ఞానానందం కానిస్టేబుల్ని అడిగాడు.

"అదిగో, ఆ తూము దిమ్మ మీదండి. నాట్లేసే ఆడవాళ్ళు చూశారు. దిమ్మ మీద పెట్టి ఉందన్నారు."

"పెట్టి ఉంది! పడి లేదు. ఈ తాడు?"

"దాని పక్కనేనండి."

జ్ఞానానందం తాడుని విప్పి రెండు చేతుల మధ్య సాగదీశాడు. "ఎక్కడా తెగలేదు. ముడి విప్పారు. మనిషి సైకిలు ఆపాడు, స్టాండేశాడు, తాడు విప్పాడు, పెట్టెని జాగ్రత్తగా దిమ్మ మీద పెట్టాడు. ఎవరో ఆపారు ఆయన్ని. ఆ పెట్టె చూపించమని అడిగారు. ఆయన వంగాడు. అప్పుడు కొట్టారు."

"ఊహలు!" అన్నాడు సాంబశివరావు. గొంతులో ఇందాకటి ఎగతాళి మాత్రం లేదు.

"పోస్టుమార్టం ఊహ కాదుగా? ఎన్ని దెబ్బలు?"

"రెండు. ఒకటి ట్రాక్టరుది. రెండోది కింద పడ్డప్పుడు రాయి తగిలి..."

"చెవి వెనక చిన్న దెబ్బ. నడినెత్తి మీద పెద్ద దెబ్బ. సైకిలు మీంచి పడ్డవాడికి నడినెత్తి మీద రాయి ఎలా తగులుతుందండి? ఆకాశం నుంచి పడిందా?" జ్ఞానానందం గొంతు పెరిగిపోయింది. "మీరు చదవకపోవడం కాదు. చదివారు. ఇదే దెబ్బ ఒక మిల్లు యజమాని నెత్తి మీద ఉంటే జిల్లాలో పోలీసులంతా ఈ కట్ట మీదే ఉండేవాళ్ళు. ఇది హార్మోనియంలు బాగుచేసుకునేవాడి తల. అడిగేవాళ్ళు లేని తల. దానికి ట్రాక్టరు చాలు, యలమంద చాలు!"

కానిస్టేబుల్ కాలవ వైపు తిరిగిపోయాడు. సాంబశివరావు ముఖం కందగడ్డలా అయింది. ఆయన చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. జ్ఞానానందం కదల్లేదు.

"నన్ను కొట్టాలనుంటే కొట్టండి. కానీ ముందు ఒక్క మాట చెప్పండి. పడిపోయిన మనిషిని మొదట చూసిందెవరు?"

"వాన్ డ్రైవరు. జకరయ్య. దారిన పోతూ చూసి ఎక్కించుకున్నానన్నాడు." చెబుతూ చెబుతూనే సాంబశివరావు మాట నెమ్మదించింది. బెల్టు మీది చెయ్యి కిందికి జారింది.

"వాడిల్లు రేపల్లెలోనే," అన్నాడు. "జీపెక్కు. నువ్వు చెప్పింది తప్పని తేలిందో, ఈ సర్కిల్‌లో మళ్ళీ అడుగుపెట్టనివ్వను."

* * *

రేపల్లె స్టేషన్లో జకరయ్యని బెంచీ మీద కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. తెల్ల చొక్కా జేబు మీద నర్సింగ్ హోమ్ పేరు కుట్టి ఉంది. లోపల సెల్లో నుంచి యలమంద మూలుగు మధ్యమధ్య వినిపిస్తోంది. సారాని వరండాలో కూర్చోమన్నారు.

"నేను పోయేటప్పటికి పడిపోయి ఉన్నాడండి," అన్నాడు జకరయ్య. "తెలివి లేదు. ఎత్తి వాన్లో పడుకోబెట్టాను. దారి పొడుగునా ఉలకలేదు పలకలేదు. పుణ్యానికి పోతే నన్ను పట్టుకొచ్చారేంటి సార్?"

సాంబశివరావు లాఠీ తీయబోతే జ్ఞానానందం వద్దని సైగ చేశాడు. కుర్చీ లాక్కుని జకరయ్యకి ఎదురుగా కూర్చున్నాడు. టీ తెప్పించి ఇచ్చాడు. వాన్ ఏ కంపెనీది, టైర్లు ఎలా ఉన్నాయి, పిల్లలు ఏం చదువుతున్నారు అని అడిగాడు. జకరయ్య భుజాలు కాస్త సడలాయి.

"ఆ పెట్టె ఎత్తి చూశానయ్యా, బాగా బరువు," అన్నాడు డిటెక్టివ్, మాటల్లో మాటగా. "ముసలాయన ఒక్కడే ఏం దించుతాడు. నువ్వు కూడా ఒక చెయ్యి వేశావా?"

"లేదండి, ఆయనే దించుకున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వ..."

"నువ్వు పోయేటప్పటికి పడిపోయి ఉన్నాడు," అన్నాడు జ్ఞానానందం. "పడిపోయినవాడు పెట్టె ఎలా దించుకున్నాడు?"

జకరయ్య గ్లాసు బెంచీ మీద పెట్టబోయాడు. టీ చొక్కా మీద ఒలికింది. తుడుచుకోలేదు.

"చెప్పు," అన్నాడు సాంబశివరావు. అది అరుపు కాదు. ఆ ఒక్క మాటకే జకరయ్య కూలిపోయాడు.

"మొదట్లో నిజంగా పడ్డవాళ్ళనే తెచ్చానండి. దేవుడి మీద ఒట్టు. మోటారు సైకిళ్ళ మీంచి పడ్డోళ్ళు, పక్షవాతం వచ్చినోళ్ళు. డాక్టరు గారు ఇంకా కావాలి, ఇంకా కావాలి అనేవారు. కేసు తేకపోతే వాన్ తాళాలు ఇంకొకడికిస్తానన్నారు. రోజూ పడతారా సార్ జనం?"

"అందుకని పడగొట్టావు."

"జాకీ రాడ్డుకి గుడ్డ చుట్టి... మెల్లిగానే కొట్టానండి. పెట్టె బాగుంది చూపించు పెద్దాయనా అంటే సంతోషంగా దించాడు. వెనక నుంచి కొట్టాను. పడిపోయాడు. వాన్లో వేసుకుని బయలుదేరాను. భట్టిప్రోలు దాటాక లేచి కూర్చున్నాడండి."

జ్ఞానానందం ముందుకు వంగాడు. "తెలివొచ్చిందా?"

"బాగా వచ్చింది. ఏమైంది బాబూ అన్నాడు. పడిపోయారండీ, ఆస్పత్రికి తీసుకెళ్తున్నా అన్నాను. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. నువ్వు రాకపోతే ఆ కట్ట మీదే పోయేవాణ్ణి అన్నాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడండి. నా పిల్లల పేర్లు అడిగి మరీ..."

జకరయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"తర్వాత?"

"అయిదింటికి నర్సింగ్ హోమ్ గేటు ముందు ఆపాను. డాక్టరు గారే బయటికొచ్చారు. కళ్ళల్లో టార్చి వేసి చూశారు. పేరేంటన్నారు. ఆశీర్వాదమండీ, రేపల్లె, నా పెట్టె కట్ట మీద ఉండిపోయింది, ఎవరినైనా పంపించండి అన్నాడు ఆయన. డాక్టరు గారు టార్చి ఆర్పేసి నన్ను పక్కకి పిలిచారు. మాట్లాడేవాణ్ణి తెచ్చావేంటిరా అన్నారు. వీడికి మందిచ్చి బాగైందంటే ఎవరు నమ్ముతారు, రేపు మందు కంపెనీ వాళ్ళు వస్తున్నారు, తెలివి లేనివాణ్ణి తీసుకురా అన్నారు."

"కొట్టమన్నాడా?"

"అనలేదండి. ఆ మాట అనలేదు. లోపలికి పోయి గేటు వేయించారు. నేను వాన్ వెనక్కి తిప్పాను."

ఆ తర్వాత ఏమైందో జకరయ్య చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ గంటన్నర ఎక్కడికి పోయిందో గదిలో అందరికీ తెలిసిపోయింది.

జ్ఞానానందం కళ్ళజోడు తీశాడు. తుడవడానికి చేతులు ఆడలేదు. పొద్దున్న ఆ మేడ మీద గదిలో తను ఆ మనిషి కన్నతల్లి కథ విన్నాడు. నమ్మాడు. నిజమే కూడా. తల్లి కోసం మెదళ్ళు కాపాడాలనుకున్నవాడు, బాగున్న మెదడుని పనికిరాదని గేటు బయటికి పంపించాడు.

గుమ్మంలో అలికిడైంది. సారా ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. తిన్నగా జకరయ్య ముందుకొచ్చి నిలబడింది.

"రెండోసారి కొట్టేటప్పుడు మా నాన్న నిన్ను చూస్తున్నాడా?"

జకరయ్య తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్నా. చూస్తున్నాడా?"

"కళ్ళు మూసుకుని ఉన్నాడమ్మా," అన్నాడు జకరయ్య, వినీ వినబడనట్టు. "నిద్రొస్తోంది, కాసేపు తల వాలుస్తాను బాబూ అన్నాడు."

సారా అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయింది. జ్ఞానానందం ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

సాంబశివరావు లేచి సెల్ దగ్గరికి వెళ్ళాడు. తాళం తనే తీశాడు. "యలమందా, బయటికి రా. ఇంటికి పో," అన్నాడు. అతను నడవలేకపోతుంటే రెక్క పట్టుకుని బెంచీ దాకా తెచ్చి కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆయన ముఖంలో ఏదో మారింది.

"ఆ డాక్టర్ని సాయంత్రంలోగా తెస్తాను," అన్నాడు జ్ఞానానందంతో. "ఎవడు అడ్డొచ్చినా సరే."

జ్ఞానానందం జకరయ్య వైపు తిరిగాడు. ఇంతసేపూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"నిన్ను ఇంట్లో పట్టుకున్నాం. వాన్ ఎక్కడుంది?"

"నాకు మనసు బాగాలేదు, ఇవాళ రానన్నానండి. కొత్త డ్రైవరు తీసుకెళ్ళాడు. పొద్దున్నే బాపట్ల వైపు పోయింది," అన్నాడు జకరయ్య. "కంపెనీ వాళ్ళు ఇంకా ఉన్నారండి. ఆశీర్వాదం గారు పోయాక, బతికి చూపించడానికి ఇంకొకడు కావాలన్నారు డాక్టరు గారు."

సాంబశివరావు ఒక్క అంగలో వైర్‌లెస్ సెట్ దగ్గరికి చేరాడు. బాపట్ల స్టేషన్‌ని పిలిచాడు. వాన్ నంబరు, దాని మీది పేరు చెప్పి, ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపమన్నాడు.

సెట్ గరగరమంది. అవతలి గొంతు హుషారుగా ఉంది.

"ఆ వానేనా సార్? ఇప్పుడే మా ముందు నుంచే పోయిందండి. ఈపురుపాలెం నేతపని కుర్రాడట, చీరాల రోడ్డు మీద పడిపోయాడట. తలకి దెబ్బ."

"కుర్రాడికి తెలివి ఉందా?" అడిగాడు సాంబశివరావు.

"ఉంది సార్! చక్కగా మాట్లాడుతున్నాడు. మంచినీళ్ళడిగితే మనవాళ్ళే ఇచ్చారు. భయపడకురా, తెనాల్లో పెద్ద డాక్టరున్నాడని ధైర్యం చెప్పారు. ఊరు దాటే దాకా మన జీపు ముందు పెట్టి, దారి ఖాళీ చేయించి మరీ పంపించామండి."

సాంబశివరావు రిసీవర్ కింద పెట్టలేదు. అది ఆయన చేతిలోంచి జారిపోయింది. బయట జ్ఞానానందం అప్పటికే జీపు స్టార్ట్ చేస్తున్నాడు.